ఎసెంకుల్ అడగని చెయ్యి

ఎవరు ఎదురైనా ఎసెంకుల్ అన్న ముందు కుడిచెయ్యి చాచి మణికట్టు పైకెత్తేవాడు, గుర్రాన్ని ఆగమన్నట్టు. ఎదుటివాళ్లూ అలాగే ఎత్తి చూపాలి. సలాం ఆ తర్వాతే.

మా నారిన్ లోయలో విరిగిన ఎముకలు కట్టేది ఆయనొక్కడే. ముల్లాచేత ఎత్తించాడు. పెళ్లికూతురిచేత ఎత్తించాడు. ఊరి సభలో అందరూ ఓటుకు చేతులెత్తితే, "మూడో వరసలో ఒకటి వాలింది, ఎవరిదది?" అని లేచాడు.

"నాదే అన్నా, నిద్రొచ్చింది."

"నిద్రేనా! పడుకో, పడుకో."

"దండచేతి ఎముకను చుట్టుకుని ఒక నరం దిగుతుంది. అది నలిగితే మణికట్టు లేవదు. కట్టుకు ముందే చూడాలి," అనేవాడు, ఎందుకని ఎవరైనా అడిగితే.

"మరి అసీల్బెక్‌ది చూశావా?" అని మా ఆవిడ అన్న, మా బావ తుర్దు దెప్పేవాడు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ని.

అసీల్బెక్‌ని నేనే. పదకొండేళ్ల కిందట, గుర్రాల మీద మేక కళేబరం కోసం పెనుగులాడే ఆటలో పడి దండచెయ్యి విరగ్గొట్టుకున్నాను. ఎసెంకుల్ కట్టాడు. వారానికి, ఆ కట్టుతోనే, నా పెళ్లయింది. కట్టు విప్పాక మణికట్టు తడిగుడ్డలా వేలాడింది. బిగించి కట్టి నరం చంపాడంది ఊరు. అప్పట్నుంచి విరిగిన చేతులన్నీ కనుమ దాటి పట్నం వెళ్లాయి. ఆయనకు గొర్రెల కాళ్లు మిగిలాయి.

ఊరందర్నీ ఎత్తమనే మనిషి నన్ను మాత్రం ఎన్నడూ అడగలేదు.

ఈ చలికాలం తుర్దు జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. కనుమ మంచుతో మూసుకుపోయింది. మా ఇంటికి ఎసెంకుల్‌ని పిలిస్తే తుర్దు గోడకు జరిగాడు. "నాదీ చంపుతాడు. వద్దు!"

ఇక దాచలేకపోయాను. "బావా, నా మణికట్టు గుర్రం మీంచి పడ్డప్పుడే వాలిపోయింది. జట్టులోంచి తీసేస్తారని కోటులో దాచాను. అన్న తప్పేం లేదు."

ఎసెంకుల్ కట్టుబద్దలు సరిచేసుకుంటున్నాడు. "తెలుసురా. కట్టు సగంలో చూశాను. ముందే అడగకపోవడం నా తప్పు."

"మరి చెప్పలేదేం అన్నా?"

"చెబితే తుర్దు వాళ్ల నాన్న నీకు పిల్లనిచ్చేవాడా?"

"ఇచ్చేవాడు కాదు," అంది మా ఆవిడ గుల్సున్, టీ పోస్తూ.

తుర్దు గోడ వదిలి ఎసెంకుల్ వైపు జరిగాడు. తర్వాత, అడక్కుండానే, విరిగిన చేతి మణికట్టు ఎత్తి చూపాడు. అది లేచింది.

మర్నాడు పొద్దున్నే ఎసెంకుల్ మా గుమ్మంలో నిలబడి నావైపు చెయ్యి చాచాడు.

"ఎత్తు."

ఎత్తాను. అది లేవలేదు.

"మొండిది," అని, దాన్ని రెండు చేతుల్లోకి తీసుకుని సలాం చెప్పాడు.