అట్ట మీద కీబోర్డు

ఇవాళ శామీర్‌పేటలో మా ఇంటి రేకు పెట్టె సర్దుతుంటే పాత అట్టముక్క దొరికింది. మీకూ గుర్తుందా, బడిలో చెప్పులు బయట విప్పి, ఉన్న ఒక్క కంప్యూటర్‌ను దూరం నుంచే చూసేవాళ్ళం. చదువురాని మా బాపు నెట్ సెంటర్లో నిలబడి, ఒక్కో అక్షరాన్ని బొమ్మలా చూసి ఈ అట్ట మీద కీబోర్డు గీసుకొచ్చాడు.

"ఒత్తు బిడ్డా, గీనికి కరెంటు గూడ అక్కర్లే."

అలా నేర్చిన టైపింగే నాకు ఉద్యోగం ఇచ్చింది.

ఇప్పుడు ఆఫీసులో మాట వింటే చాలు, కంప్యూటరే టైపు చేస్తోంది. దాని తప్పులు దిద్ది నేర్పేది నేనే. అది పూర్తిగా నేర్చుకుంటే నా ఉద్యోగం ఉండదు. ముందే మానేద్దామంటే ఇంటికి నా జీతమే ఆధారం.

ఈ సంగతి చెబితే బాపు అట్ట తుడుస్తూ అడిగాడు. "ఇగ ఏం నేర్వాలె బిడ్డా? జెప్పు, గీసిస్త."