చెప్పులు తిప్పే అవ్వ

చంద్రగిరి దాటాక ఉన్న ఒక పాత ఊళ్ళో, రాతి మిద్దెలు చూసుకుంటూ నేనూ మా ఆయనా నడిచాం. సగం ఇళ్ళకు తాళాలున్నాయి. తలుపు తీసి ఉన్న ఒక ఇంట్లోంచి అవ్వ ఒకామె మజ్జిగ తాగి పొమ్మని పిలిచింది.

గడప బయట చెప్పులు విడిచాం. ఆమె వంగి నా చెప్పులను వీధి వైపు తిప్పి పెట్టింది.

"ఇంటికొచ్చినోళ్ళు సల్లంగా తిరిగి పోవాల మా. అందరివీ తిప్పుతా."

మజ్జిగ తాగి బయటికొస్తే, మా ఆయన చెప్పులు ఇంకా ఇంటి వైపే ఉన్నాయి.

"ఈయనవి మరిచిపోయావా అవ్వా?"

"మర్సిపోలేదు మా. రెండు తూర్లు వంగినా. సేతులు రాలేదు."

ఆయన ముఖం చూడకుండా లోపలికి వెళ్ళిపోయింది.

కారులో ఆయన చాలాసేపు నవ్వారు. "పాపం, నడుం పట్టేసుంటుంది" అన్నారు. ఆ మాట మళ్ళీ మా మధ్య రాలేదు.

నిన్న మా అక్క వాళ్ళింటికి వెళ్ళాం. ముందు లోపలికి నడిచిన నేను ఎందుకో వెనక్కి చూశాను. ఆయన గడప దగ్గర వంగి, తన చెప్పులు తనే వీధి వైపు తిప్పుకుంటున్నారు.

నేను ఆయన ముఖం చూడకుండా లోపలికి వెళ్ళిపోయాను.