వన్స్ మోర్‌కు లేచిన నాయిక

1992 నవంబరులో నన్ను ఒమాన్‌లోని మస్కట్ నుంచి పక్క ఊరు సీబ్‌కు ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా వేశారు. హోటళ్లకు మైకులు, ప్రొజెక్టర్లు అద్దెకిచ్చే కంపెనీ మాది. నా ప్రొబేషన్ ముగియడానికి ఇంకా పన్నెండు రోజులుంది. అంతకుముందు పదేళ్లు గుంటూరు జిల్లాలో టూరింగ్ టాకీసు నడిపిన చెయ్యి కదా, నాకెవరూ నేర్పక్కర్లేదని కొంచెం గర్వం కూడా ఉండేది.

ఆ వారమే శుక్రవారం సాయంత్రం ఒక హోటల్లో మూగ సినిమా వేయాలి. పాత సినిమాలను భద్రపరిచే సంస్థలో పనిచేసే ఒక యూరప్ పెద్దావిడ ఆ ప్రింటు తెచ్చారు. వాళ్ల ఆపెరాలో మాటలన్నీ పాటలే. అలాంటి ఒక ప్రేమకథను సినిమాకు ఇంకా నోరు రాని రోజుల్లో ఒకరు కాదు, చాలామంది తీశారట. పద్యనాటకాన్ని పద్యాలు తీసేసి ఆడినట్టుందే అని నాకు ఒకటే నవ్వు. అప్పట్లో హాల్లో పియానో వాయించేవారని, కొన్నిచోట్ల తెర పక్కన నిలబడి పాడేవారని ఆవిడ ఓపికగా చెప్పారు.

మూగ చిత్రాన్ని సెకనుకు ఇరవై నాలుగు ఫ్రేములు కాక పద్దెనిమిదే నడపాలి. లేకపోతే ఏడ్చేవాళ్లు కూడా బస్సు తప్పిపోతున్నట్టు పరుగెడతారు. ఆ పాత ప్రింటును షో మధ్యలో వెనక్కి తిప్పకూడదని ఆవిడ కాగితం మీద రాసి మరీ ఇచ్చారు. ఒక్క గీత పడినా నన్ను ఇంటికి పంపేస్తానని మా మేనేజరు హిందీలో చెప్పాడు. అందుకని ఫిల్ము జారే దారిని, అంటే గేటును, దుమ్ము గీసుకోకుండా మూడుసార్లు తుడిచాను.

పియానో వాయించాల్సినాయనకు జ్వరం వచ్చింది. ఆయన బదులు భీమవరం వైపు నర్సు కరుణమ్మ సిస్టర్ చర్చిలోని కీబోర్డు పట్టుకొచ్చింది. సిస్టర్ వాయిస్తోందని తోటి నర్సులంతా వచ్చి వెనక వరసల్లో కూర్చున్నారు. వాళ్ల పక్కన స్టేజి కట్టిన మన తెలంగాణ వాళ్లు, వాళ్ల మేస్త్రీ రాజయ్య. ముందు వరసల్లో టై కట్టిన దొరలు.

కథ బాగానే నడిచింది. చివర్లో నాయిక విషం తాగి, చేతులు చాచి, తూలి, మళ్లీ లేచి, చాలాసేపటికి గానీ చావలేదు. అప్పుడు వెనక నుంచి రాజయ్య గొంతు వినిపించింది.

"వన్స్ మోర్! మంచిగ సచ్చింది, ఇంకోపారి సూపియ్యి అన్నా."

మా నాటకాల్లో వన్స్ మోర్ అంటే చచ్చిన పాత్ర కూడా లేచి, పద్యం మళ్లీ పాడి, మళ్లీ చస్తుంది. ఆ మాట వింటే నా చెయ్యి ఆగదు. మిషను ఆపాను, మీట వెనక్కి వేశాను. నాయిక లేచి కూర్చుంది. తాగిన విషమంతా గిన్నెలోకి తిరిగొచ్చింది. ఏడుస్తూ వచ్చిన నాయకుడు వెనక్కి నడుచుకుంటూ తలుపులోంచి వెళ్లిపోయాడు.

చచ్చిన మనిషి లేవడం చూసిన కరుణమ్మ సిస్టర్ ఒక్క క్షణం తడబడి, క్రీస్తు సమాధిలోంచి లేచాడనే ఈస్టరు పాట ఎత్తుకుంది. వెనక నర్సులంతా లేచి గొంతు కలిపారు. రాజయ్య బృందం చప్పట్లతో తాళం. మూగ సినిమాకు పాట వచ్చింది! నాకు ఒళ్లంతా గాలిలో తేలిపోయింది. ముందు వరసలో మేనేజరు ముఖం కనిపించాక గానీ కాళ్లు నేలమీద ఆనలేదు. నాయికను రెండోసారి చంపి దీపాలు వేశాను.

పెద్దావిడ తెల్ల గ్లవ్స్ తొడుక్కుని, చివరి రీలును వేళ్ల మధ్య జార్చుకుంటూ అంగుళం అంగుళం చూశారు. మేనేజరు పక్కనే నిలబడ్డాడు. ఎందుకు తిప్పావని ఆవిడ అడిగితే మా నాటకాల సంగతి వచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. ఒకప్పుడు వాళ్ల ఆపెరాల్లోనూ జనం అలాగే పట్టుబట్టి మళ్లీ పాడించేవాళ్లని చెబుతూ ఆవిడ నవ్వు ఆపుకోలేకపోయారు. రిపోర్టులో ఇలా రాశారు: "గీతలు లేవు. ప్రేక్షకుల కోరికపై నాయిక రెండుసార్లు మరణించింది."

ప్రొబేషన్ ముగియగానే నన్ను పర్మనెంటు చేశారు. ఆ తర్వాత నా దగ్గర పని నేర్చుకున్న ప్రతి ఆపరేటర్‌కూ ఒకటే చెప్పాను. వెనక్కి తిప్పొద్దంటే తిప్పకండి. తిప్పకుండా ఉండలేని రోజొకటి వస్తుంది, దానికోసం గేటు రోజూ తుడవండి.