దూలానికి నేను వేసిన అతుకు

ఇన్నేళ్లూ దీన్ని ఒక్కణ్ణే మోశాను. మీరు నన్ను ఎరగరు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అద్దంకి దగ్గర పల్లెలో నాది వెల్డింగ్ షాపు. మా ఊరి కాలువ మీద అప్పట్లో ఇనుప వంతెన ఉండేది. మిరప తోటకు నీళ్లందడం లేదని మా బావ గోల పెడితే, పైపు అవతలికి లాగడానికి వంతెన కింది దూలానికి కొక్కేలు అతికించాను. అందరూ చేసేదే కదా, ఎవరినడగాలి? నా అతుకు ఊడదని గొప్పలు కూడా పోయాను.

అతుకు ఊడలేదు. లోడు లారీ ఎక్కినప్పుడల్లా దూలం కాస్త వంగి లేస్తుంది. అతుకు కోసం నేను కాల్చిన చోటే ఇనుము అలిసిపోతూ వచ్చింది. పైపు జాయింటు నుంచి ఎరువు కలిపిన నీళ్లు అక్కడే కారేవి. ఒకసారి లీకు కట్టడానికి దిగితే, కొక్కెం మూల నుంచి ఎర్రటి తుప్పు గీత దూలంలోకి పాకి ఉంది. ఉత్త తుప్పే అనుకున్నానా? లేదు. పగులని చూడగానే తెలిసింది. చెబితే కేసు నా మీదికొస్తుంది. పైపు తీసేసి, కొక్కేలు కోసేసి, అరగదీసి, పెయింటు పూశాను. ఆ వంతెన మీద బడిపిల్లల ఆటోలు వెళ్తాయని అప్పుడు గుర్తు రాలేదా? వచ్చింది.

కాసిం నా చిన్నప్పటి స్నేహితుడు. మార్టూరు నుంచి గ్రానైట్ రాళ్ల లారీ తోలేవాడు. ఒక మధ్యాహ్నం అతని లారీ కింద దూలం తెగింది. ప్రాణం దక్కింది గానీ కాలు నుజ్జయింది. ఎక్కువ లోడుతో వంతెన కూల్చాడని ఊరంతా తిట్టిపోసింది. ఓనరు పనిలోంచి తీసేశాడు. ఆసుపత్రిలో కాసిం నా చెయ్యి పట్టుకున్నాడు.

“లోడు ఎక్కువ లేదురా, ఒట్టు. నువ్వన్నా నమ్ముతావా?”

“నమ్ముతాన్రా.”

నమ్మక ఏం చేస్తాను, తెలిసినవాణ్ణి.

ఇప్పటికీ కుంటుకుంటూ రోజూ నా షాపుకే వస్తాడు. తనను నమ్మింది నేనొక్కణ్ణేనని వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. ఆ మాట వినలేక, వద్దనలేక, మొహానికి వెల్డింగ్ అద్దం అడ్డం పెట్టుకుని పనిలో పడతాను. ఎక్కడికని పారిపోను? మొన్న టీ తాగుతూ, “ఏమో, ఆ రోజు క్వారీలో రాయి ఒకటి ఎక్కువేశారేమో, నేనే చూసుకోలేదేమో” అన్నాడు. తన మీద తనకే అనుమానం మొదలైంది. అప్పుడైనా నోరు విప్పానా? లేదు. ఇంకో టీ చెప్పాను.

కాసిం తప్పేమీ లేదు. ఆ పగులు నా అతుకు దగ్గర పుట్టింది. చూసి, పెయింటు పూసి దాచింది నేనే.

అతనికి ఎప్పటికైనా చెప్పగలనో లేదో తెలియదు. రేపు మళ్ళీ వస్తాడు. ఇక్కడ మాత్రం చెప్పాను.