బతికున్న ఇటలీవాడికి వేసిన దండ

నా చిన్నప్పుడు ఒక ఆదివారం ఉదయం ఏడూ పదికి మా తాతయ్య మూడో అంతస్తు నుంచి తాడు వదిలి, వీధిలో పూలమ్మే ఆమె కట్టిన బంతిపూల దండను పైకి లాక్కున్నాడు. బర్మాలోని యాంగోన్‌లో మా పజుండౌంగ్ పేట ఇళ్లకు సరుకులు అలా తాడు మీదే వస్తాయి. రేవులో మూటలు మోసి మోకాలు పాడై, పని మానుకున్నాక, మూడు నెలలుగా తాతయ్య మెట్లు దిగలేదు. ఇక దిగేది నలుగురి భుజాల మీదేనని మా అమ్మ వంటింట్లో ఏడ్చేది.

ఆ దండను ఆయన గోడ మీది ఫొటోకి వేశాడు. అది ఎప్పుడో ఇటలీ ఓడవాళ్లు ఇచ్చిన క్యాలెండరులోని ఫుట్‌బాల్ ఆటగాడిది. మోకాలి దెబ్బతో అతను ఆట మానేశాడని ముందు రోజే తెలిసింది.

ఫొటోకి దండ పడితే మా ఇళ్లలో దాని అర్థం ఒకటే. పక్కింటి పెద్దమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏటి బాబూ, ఎవులు పోయేరు?"

"ఈడే. మోకాలు దెబ్బతింది."

"మోకాలికే పేనం పోయిందా! పిల్లలెంతమందో, పాపం."

తాతయ్య సరిదిద్దలేదు. చావింట్లో పొయ్యి వెలగదని ఆవిడ అన్నం, కూర వండి తెచ్చింది. మేము తిన్నాం.

వారం తర్వాత ఆవిడ కూతురు, నేను అక్క అని పిలిచే అమ్మాయి, బర్మా పత్రిక పట్టుకొచ్చింది.

"తాతా, నువ్వు దండేసినోడు మేనేజరయ్యేడు. జట్టునంతా ఈడే ఆడిస్తాడట. సూడు, మైదానం గట్టున నిలబడి ఎలా అరుస్తున్నాడో."

"మోకాలు బాగయిందేటి?"

"లేదు. నోరు బాగుంది. నీకూ అది బాగానే ఉంది గదా."

తాతయ్య కంగారుగా దండ తీసేసి, చేసిన పాపానికి దేవుడికి దీపం పెట్టాడు. ఆ సాయంత్రం గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగి, సందులో ఆడుతున్న మా మీద అరవడం మొదలుపెట్టాడు. లుంగీ ఎగగట్టడం దగ్గర్నుంచి అన్నీ తప్పులేనన్నాడు. తామ్వే పేట పిల్లల చేతిలో ఆరు గోల్స్ తేడాతో ఓడిపోయాం. తాతయ్య ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. అమ్మ వంటింట్లో నవ్వింది.

ఆ ఇటలీ మనిషిని తర్వాత రెండు జట్లు తీసేశాయి. మూడోది పిలిచింది. తీసేసిన ప్రతిసారీ పెద్దమ్మ దిగులుగా ఫొటో వైపు చూసేది.

"తొందరపడకమ్మా" అనేవాడు తాతయ్య.

ఆ మాట ఇప్పటికీ నాతో ఉంది. పోయినేడు నేను ఉద్యోగం మానిన రోజున చాలామంది వచ్చి ఓదార్చారు. మర్నాడు అరవడానికి సందులోకి వెళ్లాను. అక్కడ కార్లు నిలిపి ఉన్నాయి. పిల్లలు ఇప్పుడు ఆ సందులో బంతి ఆడటం లేదు.