కామాగారు దిద్దడం మానుకున్న వైనం

అచ్చాఫీసులో అందరూ ఆయన్ని కామాగారనే పిలిచేవారు. పద్దెనిమిదేళ్ళపాటు ఇంగ్లీషు పుస్తకాలకు ప్రూఫులు దిద్దాడు. ఒక్క కామా తప్పిపోయినా పేజీ వెనక్కి పంపేవాడు. కంపోజింగ్ వాళ్ళు ఒళ్ళు మండి పెట్టిన పేరును ఆయన బిరుదులాగే మోశాడు. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా వాయిదా వేస్తూ వచ్చాడు. చివరికి ఆ మాట ఎత్తేవాళ్ళే లేకుండా పోయారు. నర్సుగా చేసి రిటైరైన అక్కతో కలిసి రెండు గదుల ఇంట్లో ఉండేవాడు.

యజమాని ఇంగ్లీషు పుస్తకాలు ఆపేసేనాటికి ఆయనకు నలభై మూడేళ్ళు. పొద్దస్తమానం ఇంట్లో కూర్చుని, పేపర్లో తప్పుల కింద ఎర్రగీతలు గీస్తుండేవాడు. అక్క చూసి చూసి ఓ రోజు ఆ పేపర్లోంచే ఒక ప్రకటన కత్తిరించి ఆయన ముందు పెట్టింది. విదేశాల్లో ఇంగ్లీషు నేర్పేవాళ్ళు కావాలట. ముందుగా ఆరు వారాల శిక్షణ.

"ఈ వయసులో నేనా అక్కా?"

"ఈ వయసులో పేపరుతో కుస్తీ పడుతున్నావుగా. ఆ పడేదేదో మనుషులతో పడు."

శిక్షణ ఓ మందుల దుకాణం పైన, మూడో అంతస్తులో. తొమ్మిదిమందిలో ఈయనే పెద్ద. నేర్పే మేడమ్‌కు ముప్పై కూడా నిండలేదు. క్లాసులో సొంతభాష మాట ఒక్కటి కూడా రాకూడదు, బొమ్మలతో, సైగలతోనే నడపాలి అన్నది ఆవిడ మొదటి నియమం. సాయంత్రం వీళ్ళు పాఠం చెప్పి చూడ్డానికి నిజమైన విద్యార్థులే వచ్చేవారు: వంటవాళ్ళు, డ్రైవర్లు, హోటల్లో దుప్పట్లు ఇస్త్రీ చేసే ఆవిడ.

మొదటి పాఠంలో కామాగారు తన పనితనమంతా చూపించాడు. డ్రైవరు నాలుగు మాటలంటే మూడు దిద్దాడు. ఇస్త్రీ ఆవిడ నోరు తెరిచిందో లేదో, క్రియ రాకముందే రెండుసార్లు ఆపాడు. ఆవిడ "సారీ సార్" అని కూర్చుంది. ఇరవై నిమిషాలయ్యేసరికి గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

పాఠం అయ్యాక మేడమ్ అడిగింది. "ఎన్ని తప్పులు దిద్దారు సార్?"

"నలభై ఒకటండీ," అన్నాడు కొంచెం గర్వంగానే.

"చివరి పావుగంటలో మాట్లాడింది ఎంతమంది?"

ఆయన ఎర్రపెన్నుకు మూత బిగించి జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు ఆవిడ ఎవరికీ రాని ఓ పరాయిభాషలో అరగంట పాఠం చెప్పింది. 'ఇది నా కప్పు' అన్న ఒక్క ముక్క పలకడానికి కామాగారికి చెమటలు పట్టాయి. మూడుసార్లూ తప్పే అన్నాడు. ఆవిడ ఒక్కసారీ ఆపలేదు. తలాడించి, అదే మాట సరిగ్గా పలికి, కప్పు ఆయన చేతికిచ్చి ముందుకు సాగింది. నాలుగోసారి ఆయనకే పలికింది.

ఇంటికొచ్చి అక్కతో చెప్పాడు, సిగ్గుపడుతూనే.

"ఆస్పత్రిలో మేం చేసిందీ అదేగా," అంది అక్క, చిక్కుళ్ళు గిల్లుతూ. "నొప్పులు పడుతున్న మనిషి ఎలా చెప్పినా విని, కావలసింది చూసేవాళ్ళం. అదేం భాష అని తిడతామా?"

రెండో పాఠంలో ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నిన్న ఏం జరిగిందో చెప్పమన్నాడు. ఎవరూ లేవలేదు. అయినా ఓర్చుకున్నాడు. చివరికి ఇస్త్రీ ఆవిడ లేచింది.

"ఎస్టర్‌డే మై మదర్ ఫాల్. ఐ క్యారీ. త్రీ ఫ్లోర్."

నాలుక చివర మూడు సవరణలు దురద పెట్టాయి. మింగేశాడు. "ఓ! షీ ఫెల్?" అన్నాడు.

"యెస్, షీ ఫెల్!" అందావిడ. ఆపైన ఆగలేదు. తల్లిని వీపున ఎత్తుకుని మెట్లు దిగడం, ఆటో దొరక్కపోవడం, కాలు విరగలేదని డాక్టరు చెప్పడం అంతా చెప్పింది. వంటాయన "నౌ ఓకే?" అని అడిగాడు. డ్రైవరు తన ఫోన్ నంబరు రాసిచ్చాడు, ఈసారి ఆటో వెతుక్కోవద్దని. కామాగారు ఊరికే వింటూ నిలబడిపోయాడు. ఆయన కళ్ళు చెమర్చడం వెనకబల్ల మీంచి మేడమ్ చూసింది గానీ మార్కుల కాగితం మీద ఏమీ రాసుకోలేదు.

మార్కులు అంతంతమాత్రమే వచ్చాయి, పాసయ్యాడు. ఏడాది తిరక్కుండా పరాయిదేశంలో ఓ రేవుపట్నంలో, ఓడల్లో వంట చేసేవాళ్ళకు ఇంగ్లీషు నేర్పే బడిలో ఉద్యోగం దొరికింది. మొదటి నెలంతా బెంగతో గడిచింది. తర్వాత అలవాటు పడ్డాడు.

మూడో ఏడు అక్క చూడ్డానికి వచ్చింది. ఓ పూట క్లాసులో వెనక కూర్చుంది. గదిలో ఒకటే గోల, ఒకరికొకరు ఉల్లిపాయల ధర చెప్పుకుని బేరాలాడుతున్నారు. సాయంత్రం గదికి వస్తూనే తమ్ముణ్ణి నిలదీసింది.

"గంటసేపూ వాళ్ళే వాగారు, నువ్వు పట్టుమని పది మాటలన్నా అనలేదు. నీకు జీతం ఎందుకిస్తున్నార్రా?"

ఆయన నవ్వి, మర్నాటి పాఠానికి బొమ్మలు కత్తిరించడానికి కూర్చున్నాడు. అక్క కూడా పక్కనే కూర్చుని వంకాయ బొమ్మ అందుకుంది.