నడుము చూసే మనిషి

మా పక్క ఫ్లాట్ ఆంటీ గారి అల్లుడు ఎవరితో మాట్లాడినా ముఖం చూసేవాడు కాదు, నడుము చూసేవాడు. అతను అమెరికావాడు. అక్కడ తొమ్మిదేళ్లు డబ్బుకి వాళ్ల ఫుట్‌బాల్, అంటే బంతిని చేత్తో పట్టుకుని ఆడేది, ఆడాడు. బంతి పట్టుకుని పరిగెత్తుకొచ్చేవాణ్ని ఢీకొట్టి నేలకేసి బాదడమే అతని ఉద్యోగం. అలాంటివాణ్ని లైన్‌బ్యాకర్ అంటారట.

"కళ్లు మోసం చేస్తాయి. ఎటు తిరగబోతున్నాడో నడుమే చెప్పేస్తుంది" అని ఓసారి ఇంగ్లిషులో నాకు పాఠం చెప్పాడు.

ఒక ఆదివారం వెస్ట్‌మీడ్ పార్కులో తెలుగువాళ్లందరం బార్బీకి, అదే ఇక్కడివాళ్లు ఆరుబయట మాంసం కాల్చుకు తినే విందుకి, చేరాం. నా ఫోన్‌లో అతని పాత ఆట వీడియో పెట్టాను. అతను దూసుకొచ్చి తలతో గుద్దిన గుద్దుకి అవతలివాడి హెల్మెట్ ఎగిరిపోయింది. మనిషి వెల్లకిలా పడ్డాడు. చేతులు కర్రల్లా బిగుసుకుపోయి గాల్లోనే ఉండిపోయాయి. మావాళ్లు సినిమా హాల్లోలాగా ఈలలు వేశారు. నేనైతే "వన్స్ మోర్!" అని అరిచి మళ్లీ నొక్కాను.

"ప్లీజ్ బాబూ, ఆపెయ్. హీ డజంట్ లైక్ ఇట్" అంది ఆంటీ. ఎవరమూ వినలేదు.

అతనే వచ్చి నా ఫోన్ తీసుకున్నాడు. గుద్దడానికి ముందు క్షణం దగ్గర వీడియో ఆపి, అవతలివాడి నడుము మీద వేలు పెట్టాడు.

"చూడు, వదులైపోయింది. ఆట ఆపమన్న రిఫరీ విజిల్ విని ఆగిపోయాడు. అది నాకు అప్పుడే కనిపించింది."

"మరెందుకు గుద్దారు?"

"అప్పుడు స్టేడియమంతా మీలాగే అరుస్తోంది" అన్నాడు, మొదటిసారి నా ముఖంలోకి చూస్తూ.